హ్యూస్టన్‌లో ఒక శని, ఒక ఆదివారం

సిడ్నీలో వెస్ట్‌మీడ్ స్టేషన్ పక్కనున్న ఆ ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో ఎవరు ప్రయాణం పెట్టుకున్నా ముందు తాజ్ తలుపు తట్టేవారు. ఆస్పత్రి నర్సులు, నిద్ర చాలని డాక్టర్లు, కొత్తగా దిగిన కంప్యూటర్ కుర్రాళ్ళు, అందరికీ అతనే దిక్కు. బ్లూ మౌంటెన్స్‌కి ఏ రైలెక్కాలి, దిగాక ఎటు నడవాలి, మెల్‌బోర్న్‌లో హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుంది, పసిపిల్లతో వెళ్తే ఏ బీచ్ నయం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చెప్పినవి నిజమయ్యేవి కూడా. విచిత్రం ఏమిటంటే, ఆ ఊళ్ళలో ఒక్కటీ తాజ్ చూసింది కాదు. సిడ్నీకి వచ్చి నాలుగేళ్ళయినా ఆఫీసు, ఇల్లు, మసీదు, లైబ్రరీ తప్ప మరో చోటు ఎరగడు. పటాలంటే మాత్రం పిచ్చి. కొందరికి క్రికెట్ స్కోర్లు నోటికొస్తాయి, ఇతనికి ఎక్కని బస్సుల రూట్లు నోటికొచ్చేవి.

"మరి నువ్వెప్పుడెళ్తావ్ తాజ్ భాయ్?" అని ఎవరైనా ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. వెళ్ళాలని ఉన్న ఊరు అతనికి ఒక్కటే. ఆ ఊరు ఆస్ట్రేలియాలో లేదు. హ్యూస్టన్‌లో ఉంది అతని అక్క హమీదా.

చీరాలలో తల్లి పోయేనాటికి తాజ్ రెండో తరగతి. హమీదాకి అప్పుడే ఓణీలేశారు. ఆ రోజు నుంచి తలకి నూనె రాసినా, బడి ఎగ్గొడితే వీపు విమానం మోత మోగించినా అక్కే. పెళ్ళయి అమెరికా వెళ్ళాక మళ్ళీ ఈ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బావ అక్కడ పెట్రోలు బంకులో పనిచేస్తాడు. వాళ్ళ కాగితాలు ఏ ఆఫీసులోనో ఏళ్ళుగా మూలుగుతున్నాయి. అవి తేలేదాకా దేశం దాటారంటే తిరిగి రానివ్వరు. పోనీ తాజే వెళ్దామంటే, పెళ్ళి కాని కంప్యూటర్ కుర్రాడికి వీసా ఇస్తే తిరిగొస్తాడన్న నమ్మకం అమెరికా వీసా ఆఫీసు వాళ్ళకి లేదు. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ కాదన్నారు. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. చెబితే అంత దూరాన కూర్చుని ఏడుస్తుందని, సెలవు దొరకలేదని బొంకాడు. మంచికే బొంకానని అనుకున్నాడు పాపం.

ఇంతలో తొంభైతొమ్మిది వచ్చింది. పాత ప్రోగ్రాములన్నీ సంవత్సరాన్ని రెండంకెలతోనే గుర్తు పెట్టుకుంటాయి. తొంభైతొమ్మిది తర్వాత సున్నాలు రెండూ వస్తే అది రెండు వేలో పంతొమ్మిది వందలో యంత్రానికి తెలియదు. ప్రపంచమంతా ఈ సున్నాలకి భయపడబట్టే మన కుర్రాళ్ళు ఇంతమంది విమానాలెక్కారు. తాజ్ పనిచేసే బీమా కంపెనీ ఆఫీసు సిడ్నీలోనే పరామటాలో ఉండేది. దానికి డల్లాస్‌లో ఓ చెల్లెలు కంపెనీ. రెంటికీ ప్రోగ్రాములు ఒకటే. అందులో ప్రీమియం లెక్కలు కట్టే భాగాన్ని అడుగు నుంచి పైదాకా సరిచేసింది తాజే. డిసెంబరు నెలంతా ఒక మనిషి డల్లాస్‌లో ఉండాలని, ఆ మనిషి తాజ్ అయితే మేలని మేనేజరు జానెట్ చెప్పింది. కంపెనీయే వీసా తీయించింది. తాజ్‌కి జ్వరమో మరొకటో వస్తే బదులుగా పంపడానికి అదే ఆఫీసులోని కాషిఫ్‌కి కూడా తీయించింది.

డల్లాస్‌లో పని మధ్యలో ఒక్క శని, ఆదివారాలు సెలవన్నారు. డల్లాస్ నుంచి హ్యూస్టన్ ఒక పూట ప్రయాణం. ఆ మాట విన్న రోజు తాజ్ స్టేషన్ నుంచి ఇంటికి నడవలేదు, పరిగెత్తాడు. ఈ సున్నాల గొడవ తీరిపోయాక ఇలాంటివాణ్ణి ఏ కంపెనీ అమెరికా పంపుతుంది? అక్కని చూస్తే ఇప్పుడే చూడాలి. అది అతనికి బాగా తెలుసు.

కాషిఫ్ గురించి చెప్పాలి. హైదరాబాదు మెహదీపట్నం మనిషి, అదే బిల్డింగులో పై అంతస్తులో ఉండేవాడు. వయసులో పెద్ద. మాటకారి, ఇంగ్లీషు తేనెలా జారేది. తాజ్ వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ మాట్లాడబోతే ఆడది మగదైపోయేది, మగవాడు ఆడదైపోయేవాడు. మసీదు దగ్గర హైదరాబాదీలు ఆ ఉర్దూ విని మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వేవారు. కాషిఫ్ ఒక్కడే నవ్వలేదు. తనే తెలుగులోకి దిగి, "ఏం మియా, చాయ్ తాగుదాం దా" అన్నాడు. ఉద్యోగానికి తాజ్ పేరు చెప్పింది కూడా అతనే. ఆ మర్యాదకి తాజ్ పూర్తిగా అమ్ముడుపోయాడు. కాషిఫ్ భాయ్ అంటే సొంత అన్న అన్నట్టే ఉండేవాడు.

సాయంత్రాలు తాజ్ ఫ్లాట్‌లో బల్ల మీద హ్యూస్టన్ పటం పరిచేవారు. ఆఫీసులో ప్రింటు తీసిన కాగితాలు అంటించి అంటించి అది దుప్పటంత అయింది.

"రెండు దినాలల్ల ఏం జూస్తవ్ మియా? గంత పెద్ద షెహర్!" అన్నాడు కాషిఫ్.

"చూడొచ్చు భాయ్. ఇదుగో, ఈ బెలేర్ రోడ్డెమ్మట పోతే చీనా వాళ్ళు, వియత్నాం వాళ్ళు. అన్నీ వాళ్ళ బోర్డులేనంట. అది దాటి హిల్‌క్రాఫ్ట్‌కొస్తే మనోళ్ళు. చీరల కొట్లు, హలాల్ షాపులు, స్వీట్లు. ఇటుపక్క మెక్సికో వాళ్ళు, అటు నైజీరియా వాళ్ళు. ఒక్క ఊళ్ళో ప్రపంచమంతా తిరిగిరావచ్చు. ఇంకా రాకెట్లు చూపించే చోటు ఉంది, మ్యూజియాలున్నాయి."

శనివారం మధ్యాహ్నం ఎక్కడ, సాయంత్రం ఎక్కడ, ఆదివారం పొద్దున్నే లేచి ఏ వీధికి, అంతా అచ్చంగా పక్కింటివాళ్ళకి కట్టినట్టే తనకీ ప్రోగ్రాం కట్టుకున్నాడు. కానీ ఫోనులో అక్కకి చదివి వినిపించేసరికి కథ మారింది.

"రాకెట్లేం చూస్తావురా, ఇఫ్రాకి నిన్ను చూడాలనుంది" అంది హమీదా. ఇఫ్రా ఆమె కూతురు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. రాకెట్లు పోయాయి. మరుసటి వారం మ్యూజియాలు పోయాయి. "బెలేర్ రోడ్డు మా ఇంటి వెనకేగా, కూరగాయలకి నేనే తీసుకెళ్తా" అంటే అదీ పోయింది. చివరికి తాజ్ కట్టిన ప్రోగ్రాంలో శనివారం అక్క ఇల్లు, ఆదివారం అక్క ఇల్లు మిగిలాయి. ఇంతకన్నా మంచి ప్రోగ్రాం తన జన్మలో కట్టలేదని కాషిఫ్‌తో చెప్పి పడీ పడీ నవ్వాడు. కాషిఫ్ కూడా నవ్వాడు. అక్క ఇంటి దారి, బస్సు దిగే చోటు, తలుపు తీసేది ఎవరు, ఏం వండుతుంది, అన్నీ ఓపికగా అడిగాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఎవరికి దొరుకుతాడని తాజ్ మురిసిపోయాడు.

ఆ ఏడు రంజాన్ డిసెంబరులో పడింది. సిడ్నీలో మండు వేసవి, రోజా ఉపవాసమున్నవాళ్ళకి పగలు ఎంతకీ తరగదు. డల్లాస్‌లో చలికాలం, పగలు పొట్టిది. అయినా తాజ్ ముందే ఆలోచించుకున్నాడు.

"ప్రయాణంలో ఉన్నోడికి రోజా వదిలేసే వీలుందిగా భాయ్. డల్లాస్‌లో పనున్నన్నాళ్ళూ వదిలేస్తా, తర్వాత తీర్చుకుంటా. పనిలో తేడా రాకూడదు. ఆ శనివారం ఒక్కటీ మాత్రం అక్కతో కలిసి రోజా ఉంటా."

"మంచిగున్నది మియా. దీన్ల ఏం తప్పు లేదు" అన్నాడు కాషిఫ్. ఆ మాట అన్నది తన ఎదురుగానే, తన బల్ల దగ్గరే, తను పోసిన చాయ్ తాగుతూనే అని తాజ్ తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు.

రంజాన్ వస్తోందని జానెట్ చెవిన పడింది. ఆవిడ మంచిదే. పదహారు గంటలు యంత్రం ముందు కూర్చోవాల్సిన మనిషి మంచినీళ్ళు కూడా ముట్టకపోతే ఎలాగని కంగారు పడింది. తాజ్‌ని పిలిచి, దీని గురించి ఒకసారి మాట్లాడుకుందాం అంది. ఇక్కడే తాజ్‌ని రెండు తిట్లు తిట్టాలనిపిస్తుంది. మాట్లాడొచ్చుగా? నోరు లేదా? కానీ మనవాళ్ళకో అలవాటుంది. పెళ్ళి మాటైనా, పొలం మాటైనా, పై అధికారి దగ్గర పనైనా మన సంగతి మనం చెప్పుకోం. చెప్పుకుంటే చిన్నతనం. ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్తాం, ఆయన మాట్లాడతాడు, మనం చేతులు కట్టుకుని నిలబడతాం. పైగా మతం సంగతి, ఇంగ్లీషులో, ఒక ఆడమనిషికి వివరించాలి. తాజ్ కాషిఫ్ దగ్గరికి వెళ్ళాడు.

"భాయ్, మీరే చెప్పండి మేడమ్‌కి. మీరు చెప్తే అర్థమవుద్ది."

"అరే, ఎందుకు పరేషాన్ అయితవ్? నేను మాట్లాడ్త గదా. నువ్వు రాకు, నువ్వుంటే నసుగుతవ్" అన్నాడు కాషిఫ్, భుజం తట్టి.

తాజ్ వెళ్ళలేదు. పెద్దమనిషిని పెట్టుకున్నా వెనకాలైనా నిలబడాలన్న ఇంగితం కూడా లేకపోయింది. గదిలో జానెట్, కాషిఫ్, టీమ్ లీడర్ శేషగిరి కూర్చున్నారు. తాజ్ తన సీట్లో కూర్చుని హ్యూస్టన్‌లో వాతావరణం ఎలా ఉందో చూసుకుంటున్నాడు.

మరునాడు జానెట్ అతన్ని పిలిచి, చాలా మెత్తగా చెప్పింది. డల్లాస్‌కి కాషిఫ్ వెళ్తాడట. తాజ్ సిడ్నీ వైపు పని చూసుకోవాలట. నమాజుకి చిన్న మీటింగ్ రూమ్ ఖాళీ చేయించిందట. "నీ నిర్ణయాన్ని మేమందరం గౌరవిస్తున్నాం" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది. తాజ్‌కి నిర్ణయమేమిటి, ఎవరిదని అడగాలని తోచలేదు. ఈ దేశంలో వద్దనడం కూడా ఇంత మర్యాదగా ఉంటుంది కాబోలు అనుకున్నాడు. థాంక్యూ అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం కాషిఫ్ తల పట్టుకుని వచ్చాడు. "శానా చెప్పిన మియా. ఆమె వింటలేదు. రిస్క్ వద్దంటది. నాకు పోవాల్నని లేదు, ఒట్టు."

తాజ్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఎదుటివాడి మొహం చూసి తమాయించుకుని, అతన్నే ఓదార్చాడు. మీరేం చేస్తారు భాయ్, నా రాత అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. బల్ల మీది పటం మడతపెట్టి చేతికిచ్చాడు. ఆ శని, ఆదివారాలు మీరే అక్క వాళ్ళింటికి వెళ్ళండి, నేను వచ్చినట్టే ఉంటుంది అన్నాడు. ఇఫ్రాకి కొన్న బొచ్చు బొమ్మా, అక్కకి కొన్న ఉన్ని శాలువా కాషిఫ్ పెట్టెలో తన చేతులతో సర్దాడు. బస్సు దిగాక ఎడమపక్కకి తిరగాలని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోతుంటే కాషిఫ్, "యాదికున్నది మియా" అన్నాడు.

అక్కకి ఫోన్ చేసి పని పడింది, రాలేకపోతున్నా అన్నాడు. "సరేలేరా" అంది హమీదా. ఎప్పుడూ పెట్టేయమని తాజ్ చెప్పేదాకా ఫోను పెట్టని మనిషి, ఆ రోజు తనే పెట్టేసింది.

కాషిఫ్ వెళ్ళిన తర్వాత వచ్చిన శుక్రవారం, ఆఫీసులో జనమంతా క్రిస్మస్ పార్టీ అంటూ ఆరుబయట మాంసం కాల్చుకు తినే బార్బీకి పోయారు. రోజాలో ఉన్న తాజ్, మాంసం ముట్టని శేషగిరి, ఇద్దరే మిగిలారు. శేషగిరిది నంద్యాల. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి.

"తాజ్, ఏమనుకోవద్దబ్బా, ఓ మాట అడుగుతా. అంత మంచి అవకాశం ఎందుకు వద్దన్యావు నువ్వు? ఉపాసం తర్వాత తీర్చుకోవచ్చంట కదా, మా ఊర్లో సాయిబులు చెప్తాంటారు."

తాజ్‌కి అర్థం కాలేదు. "నేనెక్కడ వద్దన్నాను సార్? మేడమే కదా తీసేసింది."

శేషగిరి కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు. "ఆయమ్మ తీసేయలేదప్పా. నిన్ను పంపాలనే కూర్చున్యాది. కాషిఫే చెప్పినాడు, నువ్వు రంజాన్‌లో కదలనంటున్యావని. మనిషి చానా నిష్టాపరుడు, మొహమాటానికి మీకు చెప్పలేక నన్ను పంపినాడు, బలవంతం చేయొద్దండి, అని. తర్వాత తీర్చుకోవచ్చు కదా అని నేను కూడా అడిగినా. మాలో అట్ల లేదు సార్ అన్యాడు. ఆయన కూడా మీవాడే కదా, మేమేం అంటాం?"

తాజ్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. నెలల తరబడి తన బల్ల దగ్గర కూర్చుని, తన చాయ్ తాగి, తన అక్క ముచ్చట్లు విన్న మనిషి! ఉద్యోగం కావాలంటే అడగొచ్చు. వెళ్ళినవాణ్ణి డల్లాస్‌లోనే పర్మనెంటు చేసుకుంటారని ఆఫీసులో గాలి కబురుంది. దానికోసమైతే, భాయ్, నాకు అమెరికా వద్దు, అక్క దగ్గర రెండు రోజులు చాలు, తర్వాత నా చోట్లోకి మీరే రండి, అని తనే అనేవాడు. అడగలేదు. తన రోజానే అడ్డం పెట్టి తనని పక్కకి నెట్టాడు. వేరేవాళ్ళు ఆ అబద్ధం చెబితే జానెట్ నమ్మేది కాదు. మతం తెలిసిన మనిషి కాబట్టి నమ్మింది.

"నేను మాట్లాడాల్నా జానెట్‌తో?" అన్నాడు శేషగిరి.

"ఇప్పుడెందుకు సార్" అన్నాడు తాజ్. ఆ సెలవు రేపూ ఎల్లుండే, ఇప్పుడు అడిగి, టికెట్టు తీసి అక్కడికి చేరేసరికి అయిపోతుంది.

అక్కకి చెబుదామని ఆ సాయంత్రం ఫోను తీసి మళ్ళీ పెట్టేశాడు. ఇంత పని చేసినవాడు ఏ మొహంతో వాళ్ళింటికి వెళ్తాడు, వెళ్ళడులే అనుకున్నాడు. తాజ్ ఎదుటివాళ్ళని తనలాగే చూసేవాడు. అదే అతని జబ్బు.

ఆదివారం పొద్దున ఫోను మోగింది. అక్కడ ఇంకా శనివారం సాయంత్రం, రోజా విడిచే ఇఫ్తార్ వేళ. వెనకాల గిన్నెల చప్పుడు, పిల్ల నవ్వు, బావ ఎవరినో ఇంకాస్త వడ్డించుకోమంటున్నాడు.

"ఏరా, మీ కాషిఫ్ భాయ్ వచ్చాడు" అంది హమీదా. "శాలువా బాగుంది. ఎంత మంచి మనిషిరా! వచ్చిన కాడి నుంచీ నీ గురించే. నిన్ను వలీ అంటన్నాడు, అంత పుణ్యాత్ముడివంట, తెలుసా? కంపెనీ వాళ్ళు బతిమాలినా రోజాలకి భంగమని కదల్లేదంటగా."

"అది కాదక్కా" అనబోయాడు తాజ్.

"అమ్మ ఉంటే మురిసిపోయేది" అంది హమీదా. "నేను మాత్రం మురవలేకపోతన్నారా. ఉండు, భాయ్‌కిస్తా."

కాషిఫ్ గొంతు హాయిగా వినిపించింది. "సలామ్ మియా! ఎట్లున్నవ్?"

"ఎందుకు చేశారు భాయ్ ఇట్టా?" అన్నాడు తాజ్.

ఒక్క క్షణం కూడా తడబడలేదు కాషిఫ్. పక్కనున్నవాళ్ళందరికీ వినిపించేలా నవ్వుతూ, "అరే, ఏం తక్లీఫ్ లేదు మియా. హమీదా ఆపా మస్తు మర్యాద చేస్తున్నరు. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఫోను మళ్ళీ హమీదాకి ఇచ్చేశాడు.

"అక్కా, లోపలి గదిలోకెళ్ళు, ఒక మాట చెప్పాలి" అన్నాడు తాజ్. తలుపు మూసిన చప్పుడైంది. అప్పుడు చెప్పాడు. రోజాలు వదులుకుని వస్తానన్న సంగతి, మేడమ్‌తో మాట్లాడమని కాషిఫ్‌ని పంపిన సంగతి, శేషగిరి చెప్పిన సంగతి, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "నేను రానన్లేదక్కా. ఒట్టు, నేనొక్కసారి కూడా రానన్లేదు."



"మొదట సెలవు దొరకలేదన్నావు" అంది హమీదా. "ఆ మరుసటేడూ సెలవే దొరకలేదన్నావు. మొన్న ఫోన్ చేసి పని పడిందన్నావు. ఇప్పుడేమో వాడు చెడగొట్టాడంటన్నావు. ఏది నమ్మమంటావురా?"

"అప్పుడు వీసా ఇవ్వలేదక్కా. నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడు వీసా అంటన్నావా?" ఆమె ఏడుస్తోంది. "రావాలని లేకపోతే లేదని చెప్పు. నేనేం చేస్తాను? కానీ ఎవరి మీదా నెట్టమాకు. ఆ మనిషి అంత దూరం నుంచి నీ శాలువా మోసుకొచ్చాడు. పొద్దుటి నుంచీ నీ గురించి ఒక్క చెడ్డ మాట అన్లేదురా తాజూ. నువ్వు మాత్రం..."

తలుపవతల ఇఫ్రా ఇంగ్లీషులో అమ్మని పిలిచింది, అంకుల్‌కి చాయ్ కావాలట. హమీదా ముక్కు తుడుచుకుని, వస్తన్నా అంది. ఫోను పెట్టేసింది.

వెంటనే తాజ్ మళ్ళీ నంబరు నొక్కాడు. అవతల మోగింది, ఎవరూ తీయలేదు. వాళ్ళందరూ ఇప్పుడు భోజనాల దగ్గర కూర్చుని ఉంటారు. కాషిఫ్ ఏదో చెబుతూ ఉంటాడు. అక్క వింటూ ఉంటుంది. తనకి తెలిసిన నిజమంతా తాజ్ చెప్పేశాడు. నమ్మాల్సిన మనిషి ఒక్కతే, ఆమె నమ్మలేదు.